ఒకే చిప్పు, రెండు పుట్టిళ్లు

పోస్టు కొంచెం పెద్దది. షిఫ్టు దిగి, అన్నం తిని, తీరిగ్గా చదవండి. టారిఫ్ గొడవలు మనకెందుకులే, అవి పెద్ద పెద్ద దేశాల తగాదాలు అని మనలో చాలామంది అనుకుంటారు. మన లైను నడుస్తుందా ఆగుతుందా, ఓటీ ఉంటుందా పోతుందా అన్నది చాలాసార్లు ఆ తగాదాల్లోనే తేలుతుంది. అందుకే ఈ చరిత్ర రాస్తున్నా.

నేను పెనాంగ్‌లో చిప్పుల ప్యాకేజింగ్ ఫ్యాక్టరీలో చివరి సెక్షన్‌లో పనిచేస్తా. టెస్టు పాసైన చిప్పులు టేపులోకి ఎక్కి రీలు చుట్టుకుని మా దగ్గరికి వస్తాయి. మేం లేబుల్ సరిచూసి డబ్బాలో పెడతాం. లేబుల్ మీద దేశం పేరు రెండు చోట్ల ఉంటుంది. 'డిఫ్యూజ్డ్ ఇన్' అని ఒకటి, అంటే సిలికాన్ వేఫర్ మీద సర్క్యూట్ వేసిన దేశం. 'అసెంబుల్డ్ ఇన్' అని ఇంకొకటి, అంటే ఆ వేఫర్‌ను ముక్కలు కోసి, తీగలు కలిపి, నల్ల తొడుగు పోసిన దేశం. రెండోచోట మలేషియా అనే ఉంటుంది. మొదటిచోట అమెరికా ఉండొచ్చు, తైవాన్ ఉండొచ్చు, ఇంకేదైనా ఉండొచ్చు.

మరి ఆ చిప్పు ఏ దేశానిది? ఈ ప్రశ్నకు ఒక్క జవాబు లేదు. 2025 ఏప్రిల్‌లో ఇది బాగా బయటపడింది. అమెరికా, చైనా పోటాపోటీగా సుంకాలు పెంచుకుంటూ పోయి, అమెరికా సరుకు మీద చైనా సుంకం 125 శాతానికి చేరింది. అదే రోజుల్లో, ఏప్రిల్ 11న, చైనా చిప్పుల పరిశ్రమ సంఘం తన సభ్యులకు ఒక నోటీసు ఇచ్చింది. చిప్పు వేఫర్ ఎక్కడ తయారైతే ఆ దేశమే దాని పుట్టుక దేశం, ప్యాకేజింగ్ ఎక్కడ జరిగినా లెక్కలోకి రాదు అని దాని సారాంశం. అంటే టెక్సాస్‌లో వేఫర్ చేసి పెనాంగ్‌లో ప్యాకేజింగ్ చేసిన చిప్పు చైనా రేవులో దిగితే అమెరికా చిప్పు. అదే రీలు అమెరికా రేవులో దిగితే మలేషియా చిప్పు! ఎందుకంటే అమెరికా కస్టమ్స్ అసెంబ్లీ జరిగిన దేశాన్నే చూస్తుంది. సరుకు ఒకటే, లేబుల్ ఒకటే, పుట్టిల్లు మాత్రం ఎవరి గుమ్మం దగ్గర అడిగారన్న దాన్ని బట్టి మారిపోయింది.

ఈ తిరకాసు మొన్న పుట్టింది కాదు. నూరేళ్లకు పైబడిన కథ.

సరుకు మీద దేశం పేరు వేయాలన్న పట్టింపు 19వ శతాబ్దం చివర్లో గట్టిపడింది. 1887లో బ్రిటన్ ఒక చట్టం తెచ్చింది. జర్మనీ నుంచి వచ్చే కత్తులూ కత్తెర్లూ బ్రిటిష్ సరుకులా అమ్ముడుపోతున్నాయని అక్కడి వ్యాపారుల కోపం. అందుకని 'మేడ్ ఇన్ జర్మనీ' అని వేయించారు. నాసిరకం అని జనం దూరం పెడతారనుకున్నారు. కొన్నేళ్లకు ఆ ముద్రే నాణ్యతకు గుర్తు అయి కూర్చుంది. 1890లో అమెరికా కూడా మెకిన్లీ టారిఫ్ చట్టంలో, దిగుమతి సరుకు మీద దేశం పేరు ఇంగ్లీషులో ఉండాల్సిందే అని పెట్టింది.

అప్పట్లో ఒక కత్తి ఒకే ఊళ్లో తయారయ్యేది. అందుకని పెద్ద చిక్కు రాలేదు. ఒక దేశం ముడిసరుకు ఇంకో దేశంలో పనికి వెళ్లినప్పుడే చిక్కంతా. దాని మీద 1908లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును ఇప్పటికీ తిరగేస్తారు. ఆ కేసు దేని గురించో తెలుసా? బీరు సీసా బిరడాల గురించి. ఆన్‌హైజర్ బుష్ అనే బీరు కంపెనీ స్పెయిన్ నుంచి బిరడాలు తెప్పించి, శుభ్రం చేసి, ఆవిరి పట్టి, పూత పూసి వాడేది. బీరు విదేశాలకు పంపాం, బిరడాలకు కట్టిన సుంకం వాపసు ఇవ్వండి, వాటిని మేమిక్కడ తయారు చేసినట్టే కదా అని వాదించింది. కోర్టు ఒప్పుకోలేదు. ఎంత శుభ్రం చేసినా బిరడా బిరడాయే, కొత్త పేరు, కొత్త గుణం, కొత్త వాడకం ఉన్న వేరే వస్తువు అయితేనే తయారీ అంటాం అంది.

మన భాషలో చెప్పాలంటే, మామిడికాయ కడిగి తుడిచి బుట్టలో పెడితే ఇంకా మామిడికాయే. ముక్కలు కొట్టి, ఆవపిండి కారం కలిపి జాడీలో పెడితే అది ఆవకాయ. మామిడికాయ ఎక్కడిదైనా ఆవకాయ మాత్రం పెట్టినవాళ్ల ఇంటిదే. చిప్పుల విషయంలో కొట్లాటంతా ఇదే. వైర్ బాండింగ్, మోల్డింగ్ అనేవి ఆవకాయ పెట్టడమా, కాయ తుడవడమా?

ఇప్పుడు మన పరిశ్రమ దగ్గరికి వద్దాం. 1960ల మొదట్లో చిప్పులంటే కాలిఫోర్నియా. వేఫర్ మీద పని యంత్రాలు చేసేవి. ఆ తర్వాత మైక్రోస్కోపులో చూస్తూ వెంట్రుక కన్నా సన్నటి తీగలు అతికించే పని మనుషులదే, ముఖ్యంగా ఆడవాళ్లది. ఖర్చంతా అక్కడే. ఫెయిర్‌చైల్డ్ కంపెనీ ఆ పనిని హాంకాంగ్‌కు పంపింది. అక్కడ కూలి అమెరికా కూలిలో దాదాపు పదో వంతు.

కూలి తక్కువైతే సరిపోతుందా? తిరిగి అమెరికాలోకి తెచ్చేటప్పుడు సుంకం పడుతుంది కదా. ఇక్కడే చట్టంలో ఒక చిన్న ఐటెం పెద్ద పని చేసింది. 1963లో అమల్లోకి వచ్చిన అమెరికా టారిఫ్ పట్టికలో 807 అని ఒక నంబరు ఉంది. దాని భావం ఇది: అమెరికాలో తయారైన విడిభాగాలు బయటికి పంపి, అక్కడ కేవలం అతికించి బిగించి తిరిగి తెస్తే, ఆ విడిభాగాల విలువ తీసేసి మిగతా దాని మీదే సుంకం. ఉదాహరణకు వస్తువు విలువ 100 డాలర్లు, అందులో అమెరికా విడిభాగాలు 80 డాలర్లు అనుకోండి. సుంకం 20 డాలర్ల మీదే. ఆ 20 డాలర్లు ఏమిటి? కూలి, బయట వేసిన మెటీరియల్, ఫ్యాక్టరీ ఖర్చు. అంటే సుంకం పడేది ఎక్కువగా అక్కడి పని మీద. ఆ పని ఎంత చవకైతే సుంకమూ అంత తగ్గుతుంది. చవక కూలికి రెండు వైపుల లాభం అన్నమాట.

ఆ ఐటెంలో ఒక షరతు కూడా ఉంది. బయట దేశంలో బిగింపు, దానికి అవసరమైన చిన్నాచితకా పనులే జరగాలి. అసలు తయారీ జరగకూడదు. ఇది గుర్తుపెట్టుకోండి. ఆసియాలో ఎక్కువ పని చేస్తే సుంకం రాయితీ పోతుంది. వేఫర్ అక్కడ, బిగింపు ఇక్కడ అన్న పంపకాన్ని కంపెనీల లెక్కలతో పాటు ఈ సుంకం నిబంధన కూడా గట్టిపరిచింది. మెక్సికో సరిహద్దు ఫ్యాక్టరీలు, తైవాన్, కొరియా, సింగపూర్ అసెంబ్లీ లైన్లు చాలావరకు ఈ నీడలోనే పెరిగాయి. నంబరు 1989లో మారి 9802 అయింది. సూత్రం అదే.

ఆ తర్వాత మా పెనాంగ్ వంతు. బ్రిటిష్ కాలం నుంచి ఈ దీవి ఫ్రీ పోర్టు, వ్యాపారమే బతుకు. 1969లో ఆ హోదా పోయింది. కుర్రాళ్లకు పనుల్లేవు. ఆ ఏడాదే ముఖ్యమంత్రి అయిన లిమ్ చాంగ్ యూ, ఫ్యాక్టరీలు రప్పించడానికి పెనాంగ్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ పెట్టించాడు. 1971లో ఫ్రీ ట్రేడ్ జోన్ చట్టం వచ్చింది. 1972లో బాయాన్ లెపాస్‌లో వరి పొలాలున్న చోట జోన్ మొదలైంది. ఇంటెల్, ఏఎండీ, హ్యూలెట్ ప్యాకార్డ్, నేషనల్ సెమీకండక్టర్, లిట్రానిక్స్, బాష్, హిటాచీ, క్లారియన్. తొలి రోజుల్లో వచ్చిన ఈ ఎనిమిది కంపెనీలను ఇక్కడివాళ్లు 'ఎనిమిది సమురాయ్' అంటారు.

ఫ్రీ ట్రేడ్ జోన్ అంటే నేల మలేషియాదే కానీ కస్టమ్స్ లెక్కలో బయట ఉన్నట్టు. విడిభాగాలు సుంకం లేకుండా లోపలికి వస్తాయి, సరుకు సుంకం లేకుండా బయటికి పోతుంది. ఒక వైపు ఈ గేటు, ఇంకో వైపు అమెరికా 807. రెండు గేట్ల మధ్య కంపుంగ్‌ల నుంచి వచ్చిన వేలాది మలయ్ అమ్మాయిలు మైక్రోస్కోపుల ముందు కూర్చున్నారు. చాలామందికి అదే మొదటి జీతం. కళ్లు పాడైనవాళ్లూ ఉన్నారు, తమ్ముళ్లను చదివించినవాళ్లూ ఉన్నారు. వాళ్ల పిల్లల్లో చాలామంది ఇప్పుడు ఇంజనీర్లు. ఆ కుర్చీల్లో ఇప్పుడు మనం, నేపాలీలు, బంగ్లాదేశీలు, ఇండోనేషియా వాళ్లు. ప్రపంచంలో చిప్పుల ప్యాకేజింగ్, టెస్టింగ్ పనిలో మలేషియా వాటా ఈరోజు సుమారు 13 శాతం.

రూలు మారితే ఫ్యాక్టరీ ఎలా కదులుతుందో చూడాలంటే 1980ల యూరప్‌ను చూడాలి. అప్పుడు జపాన్ చిప్పులు ప్రపంచాన్ని ముంచెత్తుతున్నాయి. అమెరికా 1986లో జపాన్‌తో ఒప్పందం రాయించుకుంది. మాట నిలబెట్టుకోలేదని 1987 ఏప్రిల్‌లో రేగన్ 30 కోట్ల డాలర్ల జపాన్ సరుకు మీద 100 శాతం సుంకం వేశాడు. చిప్పుల తగాదాకు దెబ్బ తిన్నవి కలర్ టీవీలు, కంప్యూటర్లు, డ్రిల్లింగ్ మిషన్ల లాంటి పనిముట్లు!

యూరప్ వేరే దారి పట్టింది. అప్పటికి అక్కడ చిప్పుల మీద సుంకం 14 శాతం. జపాన్ కంపెనీలు యూరప్‌లో బిగింపు ఫ్యాక్టరీలు పెట్టి, మాది యూరప్ సరుకే అనేవి. వాటికి అక్కడివాళ్లు పెట్టిన ఎగతాళి పేరు 'స్క్రూడ్రైవర్ ఫ్యాక్టరీలు'. 1989 ఫిబ్రవరిలో యూరప్ కమిషన్ ఒక రెగ్యులేషన్ తెచ్చింది: ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్ పుట్టుక దేశం అంటే డిఫ్యూజన్ జరిగిన దేశం. అంతవరకు అసెంబ్లీ దేశం అనుకున్నది ఒక్క కాగితంతో తలకిందులైంది.

ఆ కాగితం మనుషుల్ని కదిలించింది. యూరప్ చిప్పు అనిపించుకోవాలంటే వేఫర్ ఫ్యాక్టరీ యూరప్‌లో ఉండాలి. ఇంటెల్ 1989లో ఐర్లండ్‌లోని లీక్స్‌లిప్‌ను ఎంచుకుంది. ఫుజిట్సు ఇంగ్లండ్‌లో న్యూటన్ ఐక్లిఫ్‌లో ఫ్యాక్టరీ కట్టి 1991లో తెరిచింది. సబ్సిడీల లాంటి వేరే కారణాలూ ఉన్నాయి, కానీ ఈ రూలు గట్టిగా తోసింది. మరి ఆ ఊళ్లు బాగుపడ్డాయా? లీక్స్‌లిప్ ఈరోజుకీ నడుస్తోంది. న్యూటన్ ఐక్లిఫ్ మాత్రం మెమరీ చిప్పుల ధర పడిపోగానే 1998లో మూతపడింది. టోనీ బ్లెయిర్ అప్పుడు ప్రధాని, ఆ ఊరు ఆయన సొంత నియోజకవర్గంలోనే ఉంది. ప్రధాని ఊరనీ ఆగలేదు. రూలు ఫ్యాక్టరీని తేగలదు, దాన్ని నిలబెడతానని మాత్రం ఎవరికీ హామీ ఇవ్వదు.

ఆ వేడి చల్లారింది 1996 డిసెంబరులో. సింగపూర్‌లో డబ్ల్యూటీఓ మంత్రుల సమావేశంలో 29 దేశాలు, ప్రాంతాలు ఐటీ ఒప్పందం మీద చేరాయి. కంప్యూటర్లు, చిప్పులు, టెలికాం పరికరాల మీద సుంకం సున్నా చేయాలని మాట. 1997 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఇండియా, మలేషియా కూడా చేరాయి. సుంకమే సున్నా అయితే పుట్టుక దేశం గురించి కొట్లాడేదేముంది? ఇరవై ఏళ్ల పాటు మన లేబుల్ మీద రెండు దేశాల పేర్లను పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

ఇండియా సంగతి కాస్త ఆగి చూద్దాం, మన ఇంటి కథ కాబట్టి. చిప్పులకు సున్నా ఒప్పుకున్నాం కానీ మన దగ్గర ఫ్యాక్టరీలు పెద్దగా పెరగలేదు, చాలా ఫోన్లు బయటి నుంచే. గల్ఫ్‌లో ఉన్న అన్నలకు ఇంకో చేదు జ్ఞాపకం ఉంటుంది. 2013 ఆగస్టు 26 దాకా ఇంటికి టీవీ పట్టుకెళ్తే లగేజీ కింద చెల్లిపోయేది. రూపాయి పడిపోతున్న ఆ రోజుల్లో ప్రభుత్వం ఆ వెసులుబాటు తీసేసి, సెస్సుతో కలిపి 36 శాతం సుంకం పెట్టింది. దుబాయ్, రియాద్ విమానాల్లో టీవీ డబ్బాలు ఒక్కసారిగా తగ్గిపోయాయి. టారిఫ్ చరిత్ర మన అట్టపెట్టెల మీద కూడా నడిచింది మరి.

2015 బడ్జెట్‌లో ఇంకో మలుపు. దిగుమతి ఫోన్ల మీద 12.5 శాతం పన్ను పడేలా, ఇక్కడ బిగించిన ఫోన్లకు 1 శాతమే పడేలా లెక్క మార్చారు. ఆ తేడాయే చాలింది. ఆ ఆగస్టుకల్లా చిత్తూరు జిల్లా శ్రీసిటీలో (ఇప్పుడు తిరుపతి జిల్లా) ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీలో షావోమీ ఫోన్లు బిగించడం మొదలైంది. లైన్లలో కూర్చున్నది ఎక్కువగా చుట్టుపక్కల ఊళ్ల అమ్మాయిలు. 1972 బాయాన్ లెపాస్ ఫొటో పక్కన పెట్టి చూడండి, ఓణీలు, తలగుడ్డలు తప్ప మిగతా అంతా ఒకటే.

తర్వాత మెట్లు మెట్లుగా పెంచారు. 2017 జూలైలో దిగుమతి ఫోన్ మీద 10 శాతం, డిసెంబరులో 15, 2018 ఫిబ్రవరిలో 20. ఛార్జర్, బ్యాటరీ నుంచి మొదలుపెట్టి, 2018 ఏప్రిల్‌లో భాగాలు ఎక్కించిన సర్క్యూట్ బోర్డు, కెమెరా మాడ్యూల్ దాకా సుంకాలు వచ్చాయి. సున్నా అని మాటిచ్చి ఇదేంటని యూరప్, జపాన్, తైవాన్ డబ్ల్యూటీఓకి ఎక్కాయి. 2023 ఏప్రిల్‌లో ప్యానెల్ ఇండియాకు వ్యతిరేకంగా చెప్పింది. ఇండియా అప్పీలుకు వెళ్లింది. అప్పీలు వినాల్సిన బెంచి 2019 డిసెంబరు నుంచి పనిచేయడం లేదు, జడ్జీల నియామకాన్ని అమెరికా అడ్డుకుంది కాబట్టి. 2024 జూలైలో ఫోన్ సుంకాన్ని ఇండియా తనంతట తానే 15 శాతానికి తగ్గించింది. సుంకాల వల్ల ఉద్యోగాలు వచ్చాయా అంటే వచ్చాయి. ఫోన్ ధరలో కొంత మన ఇళ్లవాళ్లు భరించారా అంటే భరించారు. రెండూ నిజమే.

మళ్లీ ప్రపంచ వేదిక మీదికి వస్తే, 2018లో సున్నా కాలం ముగిసింది. ఆగస్టులో అమెరికా చైనా సరుకు మీద వేసిన రెండో జాబితా 25 శాతం సుంకంలో చిప్పులు కూడా ఉన్నాయి. అమెరికాలోనే వేఫర్ చేసి, చైనాలో ప్యాకేజింగ్ చేయించిన చిప్పు కూడా ఆ లెక్కలో చైనా సరుకే, అసెంబ్లీ రూలు వల్ల. 2025 జనవరి 1 నుంచి అది 50 శాతం అయింది. చైనాలో బిగించడం భారమైతే ఆ పని ఎక్కడికో ఒక చోటికి రావాలి కదా. పెనాంగ్‌కు, కులీంకు కొత్త ఆర్డర్లు, కొత్త బిల్డింగులు వచ్చిన రోజులవి. మనలో చాలామందిని ఏజెంట్లు పిలిచిందీ ఆ రోజుల్లోనే.

దాంతోపాటు అనుమానమూ వచ్చింది. చైనా సరుకుకు మలేషియా స్టిక్కర్ వేసి పంపుతున్నారేమో అని. 2025 మే 6 నుంచి అమెరికాకు వెళ్లే సరుకు పుట్టుక సర్టిఫికెట్ మలేషియా వాణిజ్య శాఖే ఇస్తుంది, అంతకుముందు ఇచ్చే వ్యాపార సంఘాలు ఇవ్వకూడదు. అలా దారి మళ్లించిన సరుకు దొరికితే 40 శాతం సుంకం అని అదే జూలై చివర అమెరికా ప్రకటించింది. ఇండియా ఇదే అనుమానంతో 2020 సెప్టెంబరులోనే రూల్స్ బిగించింది. ఆసియాన్ దేశాల నుంచి తక్కువ సుంకంతో తెచ్చేవాళ్లు, ఆ సరుకు నిజంగా అక్కడే తయారైందని వివరాలు చూపించాలి.

ఇంత చదివాక ఎవరైనా అడగొచ్చు, చివరికి ఏది కరెక్టు, వేఫరా, అసెంబ్లీనా అని. నన్నడిగితే, ఏ దేశానికి ఏ రోజు ఏది లాభమో ఆ రోజుకు అదే కరెక్టు. 1989లో యూరప్‌కు వేఫర్ కావాలి కాబట్టి డిఫ్యూజన్ అంది. 2025లో చైనాకు అమెరికా వేఫర్ మీద దెబ్బ కొట్టాలి, తైవాన్ వేఫర్ మాత్రం ఆగకుండా రావాలి, కాబట్టి అదీ వేఫరే అంది. అమెరికాకు తన వేఫర్ కన్నా చైనా బిగింపే కంటికి కనబడుతోంది. అన్ని చోట్లా 'పుట్టుక' అనే మాటే వాడతారు. ఎవరికి వారే కొలత టేపు తెచ్చుకుంటారు.

మన సంగతికొస్తే, ప్యాకేజింగ్ లెక్కలోకి వచ్చిన రోజు మన పని 'తయారీ'. లెక్కలోకి రాని రోజు, స్పెయిన్ బిరడా తుడిచిన పని. మన చేతులు రెండు రోజులూ ఒకే పని చేశాయి. అయితే మన పర్మిట్ ఒక్క కంపెనీ పేరుతోనే ఉంటుంది. లైను ఇంకో దేశానికి లేచిపోతే దాని వెంట మనం పోలేం, ఇక్కడే ఇంకో గేటు దగ్గరికీ పోలేం. అందుకే రెండు విషయాలు గమనిస్తూ ఉండండి. ఒకటి, మీరు ప్యాక్ చేసే సరుకు ఎక్కువగా ఏ దేశానికి పోతోంది. రెండు, దాని వేఫర్ ఏ దేశంలోది. ఈ రెండూ తెలిస్తే, టీవీలో టారిఫ్ వార్త వచ్చినప్పుడు అది మన లైనుకు తగులుతుందా లేదా అని మీరే చెప్పగలరు. కాంట్రాక్టు రెన్యువల్‌కు సంతకం పెట్టేముందు, కొత్త అప్పు చేసేముందు, ఊళ్లో స్లాబు మొదలుపెట్టేముందు ఆ లెక్క ఒకసారి వేసుకోండి.

మీ ఫ్యాక్టరీ లేబుల్ మీద మొదటిచోట ఏ దేశం పేరు ఉందో చూసి చెప్పండి. జోహోర్, మెలాకా, కులీం వాళ్లు కూడా రాయండి. కంపెనీ పేరు, పార్ట్ నంబరు మాత్రం రాయొద్దు, ఫొటోలు అసలే పెట్టొద్దు, ఉద్యోగం మీదికి వస్తుంది. దేశం పేరొక్కటి చాలు.